సెల్లుఫోను మాటల పుట్టుపూర్వోత్తరములు

విద్యార్థుల వ్యాసములను దిద్దునపుడు పాఠశాలలలోని పండితులకుఁ దఱచుగా నొక సందేహము కలుగుచున్నది. బాలుఁడు ‘ఫోను’ అని వ్రాసినచో దానిని గొట్టివేసి ‘చరవాణి’ యని వ్రాయవలయునా, లేక యుండనీయవలయునా? కొట్టివేయువారును గలరు, ఉండనిచ్చువారును గలరు. ఉభయులును బట్టుదలను జూపుదురు గాని ప్రమాణమును జూపుట యరుదు. ఫోను, సెల్లు, కాలు, డయలు, ఛార్జింగు, బ్యాలెన్సు మొదలగు మాటలు నేఁడు పల్లెయందలి పాలేరు నోట సైతము నలుగుచున్నవి. అవి యెక్కడఁ బుట్టినవో, మొదట నే యర్థమునఁ బుట్టినవో, యే దారిని వచ్చినవో విచారింపకయే వానిని వెలివేయుటయుఁ జేరఁదీయుటయు రెండును దొందరపాటే యగును.

మొదటఁ జరవాణీశబ్దమునే పరిశీలింపవలసియున్నది. దీనిని గర్మధారయముగా విగ్రహించినచోఁ జరించునట్టి వాణి యని యర్థము వచ్చును. పూర్వపదమునకుఁ బుంవద్భావము సిద్ధమే కావున రూపమునకు దోషము లేదు. కాని యిక్కడఁ జరించునది వాణి కాదు, ఉపకరణము. పలుకు ఋషులనాఁటినుండియు నొకని నోటినుండి వేఱొకని చెవికిఁ జరించుచునే యున్నది. కావున వాణీశబ్దమునకు వాణీసాధనమునందు లక్షణ చెప్పవలసివచ్చును. షష్ఠీతత్పురుష మనినచో మఱింత చిక్కు. చరుఁడనఁగా వేగులవాఁడు, చరవాణి వేగులవాని పలుకగును. ఈ యుపకరణము తన యజమానుని రాకపోకల నెల్ల నెవ్వరికో తెలుపుచున్నదని భయపడువారికి నీ రెండవ విగ్రహమే నచ్చునేమో! ఇంతమాత్రముచే నా పదమును నిందించుటకు వీలులేదు. ‘టెలిఫోను’ అను మాటకును నిదే గతి. గ్రీకుభాషలో ‘టెలె’ యనఁగా దూరమున, ‘ఫోనె’ యనఁగా ధ్వని, పలుకు. దూరపు పలుకను నర్థము దూరమునకుఁ బలుకును గొనిపోవు యంత్రమునకు లక్షణచేతనే సంక్రమించినది. ఆ ‘ఫోనె’ శబ్దము మన భణధాతువునకు దాయాది యని తులనాత్మక శాబ్దికులు చెప్పుదురు. ఫోనును గొట్టివేసి వాణిని నిలుపు పండితుఁడు భణధాతువు చుట్టమును వాకిట నిలిపి వేఱొక చుట్టమును లోనికిఁ బిలుచుచున్నాఁ డన్నమాట.

ఈ టెలిఫోనను పేరు యంత్రముకంటెఁ బెద్దది. జర్మనుదేశీయుఁడగు ఫిలిప్ రైస్ 1861లోఁ దన ధ్వనియంత్రమున కీ పేరే పెట్టెను. అలెగ్జాండర్ గ్రాహం బెల్లునకు 1876 మార్చి 7న నధికారపత్రము వచ్చునప్పటికి మాట సిద్ధముగానే యుండెను. యంత్రము వచ్చినపిదపఁ బిలుచుట యెట్లను ప్రశ్న కలిగినది. బెల్లు నావికులు పడవలనుండి యొకరినొకరు పిలుచుకొను ‘అహోయ్’ అను కేకను గోరెను. ఎడిసన్ 1877లో నొక జాబున ‘హలో’ యనునది దూరమునకు వినఁబడునని సూచించెను. ఇది వేటకుక్కలను బురికొల్పుటకును, దవ్వుననున్నవానిని నిలుపుటకును వేసెడి కేకలకు సంబంధించినది. ఎడిసన్ మాటయే గెలిచినది. సంస్కృతనాటకములలోఁ జెలికత్తెను బిలుచునపుడు ‘హలా’ యను సంబోధన మున్నదిగదా, హలో యనునది దానినుండియే పుట్టినదని కొందఱు సరదాగాఁ జెప్పుట కలదు. ధ్వనిసామ్యము బాంధవ్యము కాదు. సామ్యము లేనిచోట బాంధవ్య ముండుటయుఁ గలదు. అందుల కుదాహరణము ‘డయలు’ అను మాట.

లాటినులో ‘దియెస్’ అనఁగా దినము. మన ద్యు, దివ్, దివస శబ్దములకును దానికిని మూల మొక్కటియే. దానినుండి ‘దియాలిస్’, అనఁగా దైనందినము, అను రూపము పుట్టి యాంగ్లమున ‘డయలు’ అయి నీడగడియారమునకుఁ బేరైనది. తరువాత యంత్రపు గడియారము ముఖమునకును, పిమ్మట నంకెలు గుండ్రముగా వ్రాసిన యే పలకకైనను నా పేరే చెల్లినది. అమెరికాలో శవసంస్కార వ్యాపారియగు ఆల్మన్ స్ట్రౌజర్ 1891లోఁ గేంద్రమునఁ గూర్చుండి తీఁగెలు కలుపు మనుష్యుల ప్రమేయము లేకయే లైను కలుపు యంత్రమున కధికారపత్రమును బొందెను. ఆ తీఁగెలు కలుపు నామె తనకు రావలసిన బేరములను బోటీవ్యాపారికిఁ ద్రిప్పుచున్నదను ననుమానమే యతని నీ పనికిఁ బురికొల్పెనని చెప్పుదురు. అట్టి యంత్రములకొఱకుఁ బది రంధ్రములుగల తిరుగుడు పలక వచ్చినది. దానిని ‘డయలు’ అనిరి. ఆ పలకను ద్రిప్పుట క్రియ యయ్యెను. 1963లో నొక్కెడి మీటలు వచ్చి పలక క్రమముగా నంతరించినది. నేఁటి సెల్లుఫోనులో మీటలును లేవు, గాజుపలకపై నంకెల బొమ్మలు మాత్రమే కలవు. అయినను డయలు చేయుట మానలేదు. దినవాచకమగు ధాతుజము నీడగడియారమునుండి గాజుపలకవఱకు వచ్చినది. దారిలో నొక్కొక్క యవయవార్థమును రాల్చికొనుచు వచ్చినది. యోగముకంటె రూఢి బలవత్తరమను న్యాయమున కింతకంటె నేమి నిదర్శనము కావలయును?

భారతదేశమునఁ గలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను కేంద్రములు 1882లోఁ దెఱవఁబడినవి. మద్రాసు నాఁడు తెలుఁగువారికిని రాజధాని కావున నీ మాట తెలుఁగుచెవినిఁ బడుట యప్పటినుండియే యని చెప్పవచ్చును. దూరపుటూరితో మాటాడవలసినచో ‘ట్రంకుకాలు’ పెట్టి గంటలకొలఁది కాచుకొనుట నేఁటి వృద్ధులకు జ్ఞాపకమే. తెలుఁగువానికి ట్రంకనఁగా నినుపపెట్టె. ఆంగ్లమున నీ పదము లాటిను ‘త్రుంకుస్’ నుండి వచ్చి చెట్టుబోదెకుఁ బేరైనది. బోదెను దొలిచి చేసిన పెట్టెయును ట్రంకే, కొమ్మలన్నియుఁ గలియు బోదెవంటి ప్రధానమగు తీఁగెయు ట్రంకే. 1960లో లక్నో కాన్పూరు నగరముల నడుమ మధ్యవర్తి లేకయే దూరపుటూరిని డయలు చేయు సౌకర్యము మొదలైనది. దానికే ఎస్టీడీ యని పేరు. ఆ మూఁడక్షరములలో ట్రంకును డయలును రెండును దాఁగియున్నవి. బజారులలోని యట్టి గదులను ‘బూత్’ అనిరి. దీనిని దెలుఁగుపద్ధతి నుకారాంతము చేసినచో నసభ్యార్థము వచ్చును. అందుచేతఁ గాఁబోలును, జనులు దానిని హలంతముగానే యుంచిరి, లేదా ఎస్టీడీ యని యూరకుండిరి. భాషకు లజ్జ కలదు.

ఇఁక మాట ముగించుటను గూర్చి. ఆంగ్లేయుఁడు ఫోనును ‘వ్రేలాడఁదీయును’. తొలినాళ్లలో గోడయుపకరణమునకుఁ బ్రక్కనొక కొక్కె ముండెడిది. చెవిగొట్టమును దానికిఁ దగిలించినచో లైను తెగెడిది. క్రిందఁబెట్టు టను మాటయు నాంగ్లమునఁ గలదు గాని యెక్కువగా నిలిచినది వ్రేలాడఁదీయుటయే. తెలుఁగువాఁడు దానిని బట్టుకొనలేదు. అతని యెదుట నున్నది తఱచుగా బల్లమీఁది నల్లని యుపకరణము. దానినుండి గొట్టమును ‘ఎత్తెను’, మాటాడి ‘పెట్టివేసెను’. ఇప్పటికిని ‘ఎన్నిమాఱులు చేసినను ఫోను ఎత్తుట లేదు’, ‘కోపముతో ఫోను పెట్టివేసినాఁడు’ అని యనుచున్నారు. సెల్లుఫోనులో నెత్తవలసినదియుఁ బెట్టవలసినదియు లేదు, వ్రేలితోఁ దాఁకుట తప్ప. ఆంగ్లమున డయలు శబ్దము శిలావశేషముగా మిగిలినట్లే తెలుఁగున నీ రెండు క్రియలును మిగిలినవి. ఇక్కడ గమనింపవలసినది యేమనఁగా, నామమును బరభాషనుండి తెచ్చుకొన్నవాఁడు క్రియను మాత్రము తెచ్చుకొనలేదు. ఆంగ్లక్రియను దెలిఁగించనును లేదు. తన చేయి యేమి చేసెనో చూచి తన ధాతువుతోనే చెప్పెను.

సెల్లు అను మాటకు లాటిను ‘కెల్ల’, అనఁగాఁ జిన్నగది, మూలము. మన శాలాశబ్దముతో దానికిఁ జుట్టఱికము కలదని కొందఱి మతము. సన్న్యాసి గదియును, ఖైదీ కొట్టును, తేనెపట్టులోని గూడును నీ పేరిటివే. 1665లో రాబర్టు హుక్ సూక్ష్మదర్శినితో బెండును జూచి యందలి గూళ్లకు నీ పేరే పెట్టఁగా నది జీవశాస్త్రమునఁ బ్రవేశించినది. 1947లో బెల్లు ప్రయోగశాలకుఁ జెందిన డగ్లస్ రింగ్ భూమిని షట్కోణములగు గూళ్లుగా విభజించి యొక్కొక్క గూటి కొక్కొక్క ప్రసారస్తంభ ముండునట్లు యోచన చేసెను. అట్లు చేసినచో నొకే తరంగమును దూరపు గూళ్లలో మరల వాడుకొనవచ్చును. చేతఁ బట్టుకొను ఫోనుతో మొదటిమాట 1973 ఏప్రిలు 3న న్యూయార్కు వీథిలో మార్టిన్ కూపర్ మాటాడెను. ఆ యుపకరణము కిలోకు మించిన బరువు. సెల్లనునది నిజమునకు ఫోనుపేరు కాదు, భూఖండము పేరు. అమెరికావారు గూటినిబట్టి సెల్లనిరి. ఆంగ్లేయులు చలనమునుబట్టి మొబైలనిరి. జర్మనులు చేతిలో నిముడునది కావున ‘హాండీ’ యనిరి. ఈ మూఁడవది యాంగ్లపదమువలెఁ గనఁబడును గాని యాంగ్లేయుఁ డీ యర్థమున నెఱుఁగఁడు. తెలుఁగువారు మొదటి రెండింటిని గ్రహించిరి. మనకు సెల్లు క్రొత్తది కాదు; చేతిదీపములోను, గడియారములోను వేయు విద్యుద్ఘటము నప్పటికే సెల్లనుచుండిరి. ఆ ఘటమునకును లాటినుగదియే పేరు. సెల్లు అయిపోయినది, సెల్లు మార్చవలయును అనినచో నేది యని యడుగవలసిన కాలము కొంత గడచినది.

భారతదేశమున మొదటి సెల్లుఫోను సంభాషణము 1995 జూలై 31న జరిగినది. కలకత్తానుండి పశ్చిమబంగాళ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరామునితో మాటాడెను. ఆ దినములలోఁ బిలిచినవాఁడే కాక పిలువఁబడినవాఁడును నిమిషమునకింత యని సొమ్ము చెల్లించుచుండెను. 2003లోఁ బిలిచినవానికే యా భారము నిలిచినది. ఈ భారశబ్దమునకు ‘ఛార్జి’తో దగ్గఱ సంబంధము కలదు.

ఛార్జి యను మాట యింతటి చరిత్ర గలదని పైకిఁ గనఁబడదు. కడపటి లాటినులోని ‘కర్రికారె’ యనఁగా బండికి బరు వెక్కించుట. ‘కర్రుస్’ అనునది బండి. నేఁటి కారు నదియే. ఇది ఫ్రెంచిదారిని ఆంగ్లమునకు వచ్చి బరువను నర్థమునుండి పలువైపులకుఁ బ్రాఁకినది. మోయవలసిన వెల యొక బరువు, కావున బస్సుఛార్జి. పదవి యొక బరువు, కావున ఇన్‌ఛార్జి. మోపిన నేర మొక బరువు, కావున ఛార్జిషీటు. మీఁదఁబడుటయు నట్టిదే, కావున లాఠీఛార్జి. తెలుఁగువాఁడు వీనినన్నింటిని వేర్వేఱు కాలములలో, వేర్వేఱు కచేరీలనుండి గ్రహించినాఁడు; ఇవి యొక్కటే మాట యని యతనికి నెవ్వరును జెప్పలేదు. ఫిరంగిలోఁ గూరు మందును గూడ ఆంగ్లేయులు ఛార్జి యనిరి. ఫిరంగుల వరుసను ‘బ్యాటరీ’ యనిరి. ఇది కొట్టుట యను నర్థముగల ఫ్రెంచిధాతువునుండి వచ్చినది. 1749 ప్రాంతమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును నిలువచేయు గాజుకూజాలను వరుసగాఁ గలిపి, ఫిరంగుల వరుసతోడి పోలికచే దానిని బ్యాటరీ యనెను. పాపము, జేబులో నడఁగియుండు నీ సాధుపదార్థమునందలి బ్యాటరీయు ఛార్జియు రెండును యుద్ధభూమినుండి వచ్చినవే.

ఇంతకంటెఁ జిత్రమైనది తెలుఁగుక్రియ. ఫోనును తీఁగెకుఁ దగిలించి తెలుఁగువాఁడు ‘ఛార్జింగు ఎక్కుచున్నది’ యనును. అది తఱిగినచో ‘దిగిపోయినది’ యనును. ఆంగ్లమున నీ యెక్కుట దిగుట లీరీతిగా లేవు. బండికి బరు వెక్కించు నాదిమార్థమును నాంగ్లేయుఁడు మఱచి శతాబ్దములు గడవఁగా, ఆ మాటను గ్రొత్తగా విన్న తెలుఁగువాఁడు తెలియకయే బండిని మరలఁ దెచ్చి నిలిపినాఁడు. ఇది యాదృచ్ఛికమనువారు కలరు. నెత్తురు పోటెక్కుట, విష మెక్కుట, కల్లు తల కెక్కుట మొదలగు ప్రయోగములు గల భాషకు నిది సహజమే కాని యాదృచ్ఛికము కాదు.

సొమ్ము చెల్లించి మాటాడు హక్కును బొందుటను భారతీయులు ‘రీఛార్జి’ యనిరి. ఆంగ్లేయుఁడు దీనినే నిండుగా మీఁదికిఁ బోయుట యను నర్థమునఁ ‘టాపప్’ అనును. మిగిలిన సొమ్ము ‘బ్యాలెన్సు’. రెండు పళ్లెముల త్రాసని దాని యవయవార్థము. అందలి ‘బి’ వర్ణము మన ద్వి శబ్దమునకు సోదరము.

ఈ లెక్కలనుండియే ‘మిస్డుకాలు’ పుట్టినది. దీని వ్యాకరణము విచారింపఁదగినది. ఆంగ్లమున ‘మిస్డు’ అనునది మన క్తాంతమువంటిది, కర్మార్థకము. తప్పిపోయిన పిలుపని యర్థము. తప్పినవాఁడు పిలుపు నందుకొనవలసినవాఁడు, దోష మతనిది. భారతదేశమున నా పిలుపును బిలుచువాఁడే బుద్ధిపూర్వకముగాఁ దప్పించును. ఒకటి రెండు మాఱులు గంట మ్రోగించి యాఁపివేసినచో సొమ్ము పోదు. వచ్చితిననియో, పిలువుమనియో సంకేతము మాత్రము చేరును. అందుచేత మన దేశమున మిస్డుకాలును ‘ఇత్తురు’. ఇచ్చువాఁడు కర్త, మిస్డుకాలు కర్మ, పుచ్చుకొనువాఁడు సంప్రదానము. కాని యతఁడు పొరపాటున నిజముగానే పుచ్చుకొన్నచో దానము చెడును, దాతకు సొమ్ము పోవును. ఇట్టి సంప్రదానమును బ్రాచీనవైయాకరణు లూహించియుండరు. కూలిపనికిఁ బట్టణమునకుఁ బోయిన కొడుకు క్షేమముగాఁ జేరినాఁడనుటకుఁ దల్లి కొక మిస్డుకాలు చాలియుండిన కాల మొకటి గడచినది. ఆ మాట యాంగ్లేయులు పంపినదే యైనను, దాని నిట్లు వాడుట మన పేదఱికము నేర్పిన విద్య.

సందేశములమాట కొంత భిన్నము. ‘మెసేజి’ లాటినులోఁ బంపుట యను నర్థముగల ధాతువునుండి వచ్చినది. ‘టెక్స్టు’ అనఁగా నేయఁబడినది. ఆ ధాతువునకును మన తక్షధాతువునకును మూల మొక్కటి. తక్షుఁడు వడ్రంగి, ఋగ్వేదమున ఋషులు స్తోత్రములను దక్షించిరని చెప్పిన చోట్లు కలవు. దారమును సూత్రమనియు, కూర్పును గ్రంథమనియుఁ జెప్పుకొన్న మనకు నేఁత యను పేరు క్రొత్తగాఁ దోఁపదు. మొదటి సెల్లుసందేశము 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అను యువకుఁడు క్రిస్మసు శుభాకాంక్షగాఁ బంపెను. ఒక సందేశమున నాంగ్లాక్షరములు 160 మాత్రమే పట్టును. అదే సందేశమును దెలుఁగులిపిని వ్రాసినచో 70 స్థానములకు మించి పట్టవు; ఏలయనఁగా నాంగ్లవర్ణమునకుఁ జాలిన చోటు మన వర్ణమునకుఁ జాలదు. ఆ డెబ్బదిలోను హల్లు వేఱు, పొల్లు వేఱు, గుణితపు గుర్తు వేఱుగా లెక్కకు వచ్చును. ‘స్త్రీ’ యను నొక్క యక్షరమునకు నాఱు స్థానములు పోవును. తెలుఁగువారు తెలుఁగును రోమనులిపిలో వ్రాయుట కలవాటుపడుటకు సోమరితనమే కారణమని విద్యార్థులను మందలించు పండితులు ఈ లెక్కను గూడ మనసున నుంచుకొనవలయును. తొలినాఁటి ఫోనుల మీటలపైఁ దెలుఁగక్షరము లుండుటయే యరుదు; ఉన్నను సొమ్ము రెండింతలయ్యెడిది. ఆ కారణములు నేఁడు చాలవఱకుఁ దొలఁగినవి, అలవాటు మాత్రము తొలఁగలేదు.

‘బ్లూటూత్’ పదవ శతాబ్దపు డెన్మార్కురాజగు హరాల్డునకు బిరుదు. చెదరిన జనపదముల నేకము చేసినవాఁడని యా పేరును 1997లో నుపకరణములను గలుపు పద్ధతికిఁ బెట్టిరి. దీనిని నీలదంతమని తెలిఁగించినచో దంతవైద్యునియొద్దకుఁ బంపవలసివచ్చును. సంజ్ఞాశబ్దముల ననువదింపరాదను నియమమును మఱచిన యనువాదములకు నిదియే ఫలము. ‘స్కాన్’ అను మాట పండితులకుఁ బ్రత్యేకముగా నింపు గొల్పును. లాటినులో నెక్కుట యను నర్థముగల ధాతువు దీనికి మూలము. మన స్కందధాతువు దాని తోఁబుట్టువు. పద్యపాదముల మెట్లెక్కినట్లు లెక్కించుటకు, అనఁగా గణవిభజనకు, ఆంగ్లమున మొట్టమొదట స్కాన్ చేయుట యని పేరు. తరువాత దేనినైనను నిశితముగాఁ బరిశీలించుట యయ్యెను. 1994లో జపానున నలుపు తెలుపు గళ్ల సంకేతపుఁబట్టిక పుట్టినది; 2016లో భారతదేశమున ఫోనునుండి ఫోనునకు సొమ్ము పంపు యూపీఐ పద్ధతి వచ్చినది. నేఁడు కూరగాయలబండియొద్ద ‘స్కాన్ చేయుఁడు’ అని వినఁబడుచున్నది. ఛందస్సు చెప్పు పండితుఁడు దానిని విని నవ్వుకొనుటకు హక్కు గలవాఁడు.

ఈ మాటలు తెలుఁగునోట నెట్టి రూపమును దాల్చినవో చూచినచో వానిని మన భాష నియమరహితముగా మ్రింగలేదని తెలియఁగలదు. ఏకాచ్కములగు హలంతములలో హ్రస్వముమీఁది హల్లు ద్విరుక్తమై యుకారమును బొందును: సెల్లు, సిమ్ము, బిల్లు. ఇవి ముల్లు, కన్ను, మన్ను అను దేశ్యములవలె నడచుచున్నవి. దీర్ఘముమీఁది హల్లునకు ద్విత్వము లేదు: ఫోను, రీలు. ఇవి మీను, నూలు అను వానివలె నున్నవి. అనేకాచ్కములగు టవరు, నంబరు, సిగ్నలు అను వానిలో నంత్యమునకు ద్విత్వము రాదు. పొగరు, కుదురు అను వానియందును లేదు. ఈ నియమము నెవ్వరును బల్లెవానికి బోధింపలేదు. అతని నాలుకయే సూత్రకారుఁడు. ‘కాలు’ అనునది మాత్రము పాదవాచకముతోఁ గలియుచున్నది. కాలు వచ్చినది యనుటకంటె ఫోను వచ్చినది యనుటయే యెక్కువగా వినఁబడుటకు నిదియు నొక హేతువు కావచ్చును. రైలుతోఁ గూడ వచ్చిన ‘సిగ్నలు’ పూర్వము కమ్మముపైఁ బడుచుండెడిది. నేఁడు గోడచాటునకుఁ బోయినచో నందుట లేదు.

పరభాషాపదములు తెలుఁగున నిండుట యిదియే మొదటిమాఱు కాదు. సి. పి. బ్రౌను 1854లోఁ దెలుఁగునఁ గలసిన యన్యదేశ్యముల కొఱకే ప్రత్యేకముగా నొక మిశ్రభాషానిఘంటువును బ్రకటించెను. కచేరీభాష యగు పారసీకము ద్వారమున వచ్చిన జవాబు, రసీదు, ఖాతా, హాజరు, తారీఖు అను మాటలు నేఁడు వ్యాసములలోఁ గొట్టివేయఁబడుట లేదు. అన్యదేశ్యమని ఫోనును గొట్టివేయువాఁడు జవాబును గూడఁ గొట్టివేయవలయును. జవాబు నుంచినవాఁడు ఫోను నుంచవలయును. ఇందు మూఁడవమార్గము లేదు. చరవాణి యని వ్రాయఁదలఁచినవానికిని నభ్యంతరము లేదు. అది సాధుశబ్దము, పత్రికలలోఁ బ్రయుక్తమైనది. బాలుని ఫోనును దప్పని చెప్పుట మాత్రము తప్పు.

దిద్దవలసిన తప్పు వేఱొకచోట నున్నది. నామములు వచ్చుటచేత భాషకు హానిలేదు. ధాతువులు పోవుటచేతనే హాని. హిందూస్థానీక్రియలు వచ్చినపుడు తెలుఁగు వానికి ‘ఇంచు’ ప్రత్యయమును జేర్చి బనాయించు, దబాయించు, చలాయించు అని తన ధాతువులుగాఁ జేసికొనెను. ఆంగ్లక్రియలకుఁ బ్రాయికముగా నట్టి సంస్కారము జరుగుట లేదు. అవి నామమువలె నిలిచి ‘చేయు’, ‘అవు’ అను రెండు క్రియలనే యాశ్రయించుచున్నవి. ఇందువలనఁ గలుగు నష్టము పైకిఁ గనఁబడదు. టెలిఫోను వచ్చిన క్రొత్తలోఁ దెలుఁగువారు ‘లైను కలిసినది’, ‘లైను తెగినది’ యని యనుచుండిరి. నామ మాంగ్లము, క్రియ తెలుఁగు. ఇప్పుడు బాలురు ‘కనెక్టయినది’, ‘కట్టయినది’ యని యనుచున్నారు. ఎత్తు, పెట్టు, ఎక్కు, దిగు, ఇచ్చు అనునవి యింకను బ్రదికియున్నవి. కలియు, తెగు అనునవి యీ వ్యవహారమునఁ గొనయూపిరితో నున్నవి. పంపు అను దానిని ‘సెండు చేయు’ అనునది త్రోయుచున్నది. తుడుచు, చెఱపు అను వానిని ‘డిలీటు చేయు’ అనునది యిదివఱకే త్రోసివేసినది. ప్రత్యేకార్థములుగల పది ధాతువులు పోయి వాని స్థానమున ‘చేయు’ అను నొక్కటియే నిలుచుచున్నది.

‘కట్టయినది’ యనుటలో నింకొక వింత కలదు. ఆంగ్లపు ‘కట్’ శబ్దము పైఁ జెప్పిన ద్విత్వనియమముచేతఁ దెలుఁగున ‘కట్టు’ అగుచున్నది. తెలుఁగున కట్టనఁగా బంధించుట. తెగుటయుఁ గట్టుటయు నొకే రూపమునఁ బడినవి. తల్లితో మాటాడుచుండఁగా నడుమ నాఁగిన సంభాషణమును గూర్చి యొక బాలుఁడు ‘ఫోను కట్టయినది’ యని వ్రాసినచో, ‘ఫోను’ అను మాటను ముట్టుకొనక, ‘కట్టయినది’ యనుదానిపై గీఁత గీసి ‘తెగినది’ యని ప్రక్కన వ్రాయుట పండితుఁడు చేయఁదగిన పని.